సున్నపు నీళ్ళు

నా చిన్నప్పుడు అనకాపల్లిలో ఆడపిల్లను బడికి పంపడం మా ఇంట్లో లేదు. మా తాతయ్యే నా బడి. రోజుకొక కొత్త మాట చెప్పి, దానితో సొంతంగా ఒక వాక్యం పలక మీద రాయమనేవారు. ఆ రోజు మాట ‘దురుద్దేశం’.

చెరకు గానుగ ఆడే రోజులవి. తాతయ్య వెంట నేనూ పలకతో గానుగ పాకకు వెళ్ళాను. మాకు బెల్లం వండే పెద్దాయన మరుగుతున్న రసంలో ముంతెడు సున్నపు నీళ్ళు పోయడం చూశాను. గోడలకు వేసే సున్నం తినే బెల్లంలోనా! ముందురోజే తాతయ్య ఆయన్ని ఎందుకో గట్టిగా కసిరారు. అది గుర్తొచ్చి నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. ‘బెల్లం వండే ఆయన దురుద్దేశంతో మా రసంలో సున్నం కలిపాడు’ అని రాసి, అందరి ముందూ గొప్పగా చదివాను.

“బాగా సదివేవు బుల్లీ! ఆ మాటంటే ఏటి బాబూ?” అని పెద్దాయన నవ్వుతూ తాతయ్యను అడిగాడు.

తాతయ్య దాచలేదు. “చెడు జరగాలని మనసులో కోరుకుని చేయడం,” అన్నారు.

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. గరిట పక్కన పెట్టేశాడు. “ఇన్నేళ్ళ బట్టీ మీ పెనం కాడే ఉన్నాను. పాప నోట ఇంత మాట పడ్డాక నానింకేటి సేత్తాను? ఎల్లొత్తాను బాబూ,” అని తుండు భుజాన వేసుకున్నాడు. పాకం ఎప్పుడు దించాలో అక్కడ ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

తాతయ్య నన్ను తిట్టలేదు. “ఆయన చెయ్యేం చేసిందో చూసేవు. మనసేం కోరిందో అడిగేవా?” అన్నారు. తల అడ్డంగా ఊపాను. “అయితే ఇప్పుడడుగు.”

ఏడుస్తూ పెద్దాయన దగ్గరికి వెళ్ళి, “సున్నం ఎందుకు పోశావు తాతా?” అని అడిగాను. ఆయన తుండు భుజానే ఉంచుకుని పెనం దగ్గరికి వెనక్కి వచ్చాడు. నన్ను పొయ్యికి దూరంగా నిలబెట్టి, “సూడు,” అన్నాడు. రసంలోని మురికంతా నురగతో పైకి తేలుతోంది. ఆయన దాన్ని చిల్లుల తెడ్డుతో తీసి పారేసిన కొద్దీ అడుగున రసం తేనెరంగులోకి తేటపడింది.

“ఇందుకే బుల్లీ. ఇది పడకపోతే బెల్లం నల్లగొత్తాది. మీ తాతకి సెడ్డపేరొత్తాది.”

పలక మీది వాక్యాన్ని అరచేత్తో తుడిచేసి, ఆ సుద్ద అంటిన చేతులే జోడించాను. ఆయన తుండు తీసి గుంజకు తగిలించి, మళ్ళీ గరిట అందుకున్నాడు. పాకం దించాక మొదటి ముద్ద అరిటాకు ముక్కలో నాకే పెట్టాడు. “ఊదుకుని తిను. సురుక్కుమంటాది, నీ మాటలాగ!”

నేటికీ దీపం పెట్టేటప్పుడు, అర్థం దాచకుండా చెప్పిన తాతయ్యకూ, అంత మాట పడి కూడా తీపి పెట్టిన ఆ చేతికీ దణ్ణం పెట్టుకుంటాను. ఎవరి మీదైనా ఆ మాట నాలుక చివరికి వస్తే, ముందు వెళ్ళి అడుగుతాను. ఈ ఎనభై ఏళ్ళలో, అడిగాక కూడా అది అనవలసి వచ్చింది రెండుసార్లే.