డిక్కీలో ఇసుక బస్తా

స్పీడ్ బ్రేకర్ కనిపించగానే బాలమల్లు ఎడమ చెయ్యి స్టీరింగు మీంచి లేస్తుంది. "పట్టుకో" అంటాడు. వెనక సీట్లో ఎవరున్నా అంటాడు, ఎవరూ లేకపోయినా అంటాడు. ఆ పాత చిన్న కారు గతుకు దాటాక కూడా చాలాసేపు ఊగుతూనే ఉంటుంది మరి. బరువుంటే ఎగరదని డిక్కీలో ఇసుక బస్తా వేసుకుని తిరిగేవాడు. భార్య కృష్ణమ్మకు నడుము ఆపరేషన్ అయ్యాక ఆ ఉపాయం పారలేదు. "నీ కారెక్కితే కుట్లు ఊడ్తయ్. దవాఖానకు నేను రాను" అని ఆమె మంచం దిగలేదు.

చేవెళ్ల మెకానిక్ జ్ఞానేశ్వర్ కారు కిందికి దూరి చూసి నవ్వాడు. "కాకా, వెనక షాకబ్జర్లు రెండూ నూనె కక్కినయ్. మీదికెల్లి ఇసుక మోపిస్తున్నవ్. ఇది కారా, ట్రాక్టరా?" బాలమల్లు బస్తాను తనే దించి గోడవారగా పెట్టాడు. జ్ఞానేశ్వర్ కొత్తవి బిగించాక బాలమల్లు డిక్కీని రెండు చేతులతో అదిమి వదిలాడు. కారు ఒక్కసారి లేచి కుదురుకుంది. నమ్మకం చాలక మళ్లీ అదిమాడు.

మర్నాడు కృష్ణమ్మ వెనక సీట్లో నడుముకు దిండు ఆనించుకుని కూర్చుంది. "ఎగిరేసినవంటే దిగి నడుస్త, చూడు!" మొయినాబాద్ దారిలో స్పీడ్ బ్రేకర్ రాగానే బాలమల్లు చెయ్యి లేచింది. "పట్టుకో." కారు దాటింది. వెనకనుంచి తిట్టు లేదు, మూలుగు లేదు. చప్పున అద్దంలోకి చూశాడు. కృష్ణమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. దిండు తలకిందికి చేరింది.

తర్వాతి స్పీడ్ బ్రేకర్ దగ్గర కూడా చెయ్యి లేచింది. మాట మాత్రం పెదవి దాటలేదు.