కోత పండుగకి పీతలు

"చితికిపోయారు" అనే మాట మా నాన్న నోట ఎప్పుడూ ఇతరుల గురించే వచ్చేది. తాగి ఇల్లు అమ్ముకున్నవాడు చితికిపోయాడు, పనికి బద్ధకించినవాడు చితికిపోయాడు. తప్పు వాళ్లదే అయి ఉంటుందని ఆయన నమ్మకం. సునామీ వచ్చి పోయాక అదే మాట మా గుమ్మంలోకి వచ్చింది. ఆ గుమ్మమైనా మాది కాదు, సర్కారు కట్టించిన రేకుల షెల్టర్‌ది.

పోర్ట్‌బ్లెయిర్ అవతల మా వరిపొలం సునామీ తెచ్చిన భూకంపానికే కుంగిపోయింది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం గట్లు దాటి పొలంలోకి వచ్చేది. మేమేమో పగలంతా రేకుల కింద ఉడికిపోయేవాళ్లం. పక్క గదిలో దగ్గితే మాకు వినపడేది, మేం పోట్లాడుకుంటే వాళ్లకి వినపడేది. ఓడెక్కి సొంతూరు విశాఖ వెళ్లిపోదామని అమ్మ అంటే, "ఏ మొహం పెట్టుకుని?" అనేవాడు నాన్న. ఇక ఓడ మాట ఎత్తడానికి ఉండేది కాదు.

మా తెలుగు చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. ఎవరి పంట వాళ్లు తెచ్చి ముందు పెడితే, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మొదటి వరిపన ఎప్పుడూ నాన్నదే. ఆ ఏడు సంఘపెద్ద షెల్టర్‌కి వచ్చి, "ఈసారి మీరేం తేవద్దు భయ్యా, మీ కోసం ప్రార్థన చేస్తాం" అన్నాడు. మంచివాడే పాపం. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నెత్తిన బుట్టతో అందరికంటే ముందు నడిచాడు. బుట్టనిండా తాళ్లతో కట్టిన పీతలు. "మా పొలంలో పండినవే" అన్నాడు. అందరూ నవ్వారు, నాన్నా నవ్వాడు. సునామీ తర్వాత ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు.

వేలంలో అబర్డీన్ బజార్‌లో దుకాణమున్నాయన, ఇంకెవరూ పోటీకి రాలేనంత పాట ఒక్కసారే పాడేశాడు. బుట్ట తెచ్చి మళ్లీ నాన్న చేతుల్లోనే పెట్టాడు.

"రఖ్ లో భయ్యా. పిల్లలకి వండి పెట్టండి."

చుట్టూ ఉన్నవాళ్లు "దేవునికి స్తోత్రం" అన్నారు. అందరి ముందూ నాన్న కాదనలేకపోయాడు.

అమ్మ పులుసు పెట్టింది. పిల్లలం లొట్టలేసుకుంటూ తిన్నాం. నాన్న ముట్టలేదు.

"పాడుకున్నవాడు పట్టుకెళ్లాలి కదే" అన్నాడు అమ్మతో. "మనం ఇచ్చింది తీసుకోడానిక్కూడా జనానికి జాలేస్తోంది. చితికిపోయామే."

మెల్లగానే అన్నాడు. పక్క గదిలో మాటలు ఆగిపోయాయి.