మందు అంటే ఏదో అడగలేదు

నా పేరు సుంకులమ్మ. వయసు అరవై దాటింది. ఎంత దాటిందో చెప్పే పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అహోబిలం పోయే దారిలో, నల్లమల అంచున మా ఊరు. ఇంట్లో నేను, కొడుకు ఓబులేసు, కోడలు, రెండు బర్రెలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే బడి అయ్యవారు రాస్తున్నాడు.

పోయిన శుక్రవారం నమాజు వేళకు మా పక్కింటి తుపాకుల అన్న కన్నుమూశాడు. అన్న అంటే తోబుట్టువు కాదు, సాయిబు. రెండిళ్ళకూ ఒకటే గోడ కాబట్టి అన్న అయ్యాడు. ఆయన పనితనం మీద ఈ ఊరు ఒక నింద వేసింది. మొదట వేసింది నేనే. దాన్ని తీసేయడానికే ఇది చెబుతున్నాను.

ఆయన కర్నూలు పోలీసు లైన్లలో తుపాకులు బాగుచేసి, పింఛనుతో ఊరు చేరిన మనిషి. చేలకు కాపలా కాసే రైతుల తుపాకులన్నీ ఆయన అరుగు మీదికే వచ్చేవి. చేతికి పట్టిన ఘాటు వాసన ఎంత కడిగినా పోదని అన్నం చెమ్చాతో తినేవాడు. పిల్లలు "దొరొచ్చినాడు" అని నవ్వేవాళ్ళు. ఎవరైనా తొందరపెడితే, "తుపాకీ ఊరికే అలగదప్పా, ఎవరో ఏదో చేసింటారు" అనేవాడు. "పెండ్లాం గూడా అంతే!" అని లోపలినుంచి ఆయన భార్య, మా వదిన, అందుకునేది. నాకు అరవై ఏండ్లు దాటినా నన్ను "పాపా" అనే పిలిచేవాడు.

మా ఇంట్లో ఒక లైసెన్సు రైఫిలు ఉంది. శెనక్కాయ చేనుకు అడవిపందుల బెడద ఉందని, పోయిన మా ఆయన తీసుకున్నది. అన్న మా వసారాలోనే దాన్ని కడిగేవాడు. తూటాలు లేవని ముందు చూసుకొని, వెనకనుంచి కడ్డీ దోపి, సీసాలోని ఘాటు నీళ్ళతో గొట్టం తడిపి, మురికి నానడానికి రాత్రికి వదిలేసేవాడు. పొద్దున వచ్చి తుడిచేవాడు. పోతూపోతూ దాన్ని గోనెపట్ట మీద మూతి కిందికి చేసి మూలకు ఆనించేవాడు.

అది నాకు కిట్టేది కాదు. మా తమ్ముడు పోలీసు. వాడు జ్వరంతో పోయినప్పుడు, పాడె ముందు జవాన్లు తుపాకులను తలకిందులుగా పట్టుకోవడం ఈ కళ్ళతో చూశాను. కొడుకు తిరిగే ఇంట్లో తుపాకీ అలా నిలబడితే నాకు అపశకునంగా తోచేది.

"పాపా, మూతి పైకి తిప్పొద్దు. మందు వెనక్కి దిగుతాది" అనేవాడు.

"తూటాలే లేని తుపాకీలో మందు యాడుండాదన్నా? చెవిలో పూలు పెడతాండావా?"

"నీ నోట్లో ఉండాది మందు. నిప్పు తగిలితే చాలు" అని నవ్వి పోయేవాడు.

ఆయన గడప దాటగానే తుపాకీని మూతి పైకి తిప్పేదాన్ని. పొద్దున ఆయన రాకముందే మళ్ళీ కిందికి చేసేదాన్ని, వాదులాట ఎందుకని.

పోయినేడు కాయ ఊరే కాలంలో, పొద్దుగూకే వేళ, చేలో పంది ఎదురొచ్చింది. కొడుకు మీట నొక్కాడు. తుపాకీ పేలలేదు. పంది వాడి తొడ చీల్చింది. ప్రాణం దక్కింది గానీ కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు.

అన్న ఆదరాబాదరా వచ్చి తుపాకీ వెనక కీళ్ళు విప్పాడు. తూటాను కొట్టే సూదికి బంక పట్టి కదలడం లేదు. ఆ బంకను వేలితో తీసి వాసన చూశాడు.

"పాపా, రాత్రిళ్ళు దీన్ని ఎట్ల నిలబెడతాంటివి?"

"ఎట్ల నిలబెట్టాల్నో అట్ల! మా ఇంట్లో ఏదీ తలకిందులుగా నిలబడదు. నీ చేతులు వణుకుతాండాయని చెప్పుకోక నన్నడుగుతావా? నా బిడ్డ కాలు తీసినావు గదన్నా!"

వీధి వీధంతా విన్నది. ఆయన ఏదో చెప్పబోయాడు. లోపల కొడుకు మూలుగు వినబడింది. నా ముఖంలోకి చూసి, "అవునమ్మా, వయసైపోయింది. నాదే పొరపాటు" అన్నాడు. ఆ ఒక్కసారే నన్ను పాపా అనలేదు. తప్పు చేసినవాడికి ముఖం చెల్లలేదనుకున్నాను.

ఆ తర్వాత ఆయన అరుగు మీదికి తుపాకులు రాలేదు. ఆయన మంచం పట్టాక గోడ అవతల దగ్గు వినబడేది. వెళ్ళలేదు. శవాన్ని లేపేటప్పుడు కూడా వాకిట్లోకి రాలేదు.

మూడోనాడు వదిన ఒక సీసా పట్టుకొని గోడ దగ్గరికి వచ్చింది. "ఏమ్మే, ఈ మందు యాడ పారబోయాల? మీ బర్రెలు మూతి పెడతాయేమో."

"ఏం మందు?"

"గొట్టం కడిగే మందు. ఇనుము మీది నూనెను గూడా తినేస్తాది. కీళ్ళలోకి దిగితే బంకైపోతాది. అందుకే గదా ఆయన మూతి కిందికి పెట్టమంటాండె!"

ఆ సీసాలోది నూనె అనుకున్నాను నేను. మందంటే తూటాలో కూరే మందే అనుకున్నాను. "అన్నకు తెలుసా వదినా?" అన్నాను.

"ఆ దినమే తెలుసు. 'తల్లికి చెబితే బతుకుతాదా? నా ముసలితనం మీదికి తోసేస్తే పోతాది' అన్యాడు. నాకు మాత్రం కడుపు మండింది, అబద్ధమెందుకు."

మందు పారబోసే చోటు అడగడానికి రాలేదు ఆమె. నాకు వినిపించడానికే వచ్చింది.

కొడుకుకు చెప్పాను. అరుస్తాడనుకున్నాను. కాలు తడుముకుంటూ, "మా, నేను ఆ పక్క పోతాంటే దినామూ అడుగుతాండె, కాలెట్లుండాది నాయనా అని. ఒక్క దినం గూడా జవాబియ్యలా" అన్నాడు.

ఇంతదాకా రాసి అయ్యవారు ఆగాడు. "తెలియక చేసినానని రాద్దునా అమ్మా?"

వద్దన్నాను. మూతి తిప్పొద్దని అన్న చెప్పాడు. ఏ మందన్నా అని ఒక్కసారి అడగడానికి నా నోరు రాలేదు. అరవడానికి మాత్రం వచ్చింది. ఆయన చేయి చివరిదాకా వణకలేదు. చేతులు పోయాయని ఆయన్ను అన్నవాళ్ళంతా ఇది చదివించుకొని, వదిన గడప ముందుకు పోయి ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను పోయి వచ్చాను. ఆమె కూర్చోమనలేదు. అది న్యాయమే.

ఇది చెబుతుండగా ఓబులేసు ఇక్కడికి కనబడుతున్నాడు. అన్న అరుగు మీద, మడవరాని కాలు చాపుకొని కూర్చున్నాడు. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలాడు. ఆ చోటు వైపు తిరిగి, మెల్లగా, తన కాలు ఎలా ఉందో చెబుతున్నాడు.

సుంకులమ్మ ఎడమ బొటనవేలి గుర్తు.

సాక్షులు: కోడలు లక్ష్మీదేవి, పక్కింటి వదిన హుసేన్‌బీ, వేలిముద్ర.