బుట్టలకి బెల్లం పాకం

మొన్న బుధవారం మన చోడవరం బస్టాండులో అనకాపల్లి శెట్టిగారు లాల్చీ విప్పి పారేసి పరుగు లంకించుకున్నారని మీరు వినే ఉంటారు. పిచ్చెక్కిందని కొందరు, పూనకం వచ్చిందని కొందరు చెప్పుకుంటున్నారట. అవేవీ కాదు తల్లీ! ఆయనకి పట్టింది నేను. ఎవరో ఇంకాస్త కారం దట్టించి చెప్పేకంటే నేనే చెప్పేస్తాను, వినండి.

మాకో మహిళా మండలి ఉంది. మేష్టారి భార్యని కదా అని నన్ను దానికి సెక్రటరీని చేసేరు. చేసినవాళ్ళు ఇప్పుడు లెంపలేసుకుంటున్నారు, అది వేరే సంగతి.

ఈ మధ్య చెరుకు తోటలన్నిటికీ యూరియా చల్లుతున్నారు కదా. ఆ బస్తాకి పైన గోనె, లోపల తెల్లటి ప్లాస్టిక్ సంచి. గోనెని అందరూ పువ్వుల్లో పెట్టి దాచుకుంటారు. లోపలి సంచిని మాత్రం గట్టు మీద పారేస్తారు. అది గాలికెగిరి కంచెలకి చుట్టుకుంటుంది, కాలవకి అడ్డం పడుతుంది. కుళ్ళదు, కాలిస్తే కంపు. మా మండలిలో అందరూ ఈతాకు చాపలల్లే ఆడవాళ్ళే. ఆకు బదులు ఈ సంచుల్ని ఏరుకొచ్చి, కాలవలో శుభ్రంగా కడిగి, పట్టీలుగా కోసి, మెలిపెట్టి బుట్టలల్లడం మొదలెట్టేరు.

అందరిలోకీ నరసమ్మ అల్లిక బాగుంటుంది. పాపం, కిందటేడు ఊడ్పుల్లో దాని నడుం పట్టేసింది. ఇంక మడిలో వంగలేదు. కూర్చుని చేసుకోగలిగే పని ఇదొక్కటే. "ఈ బుట్టలు గాని అమ్ముడుపోతే, అమ్మగోరూ, ఇంక నాను ఎవల మడిలోనూ వంగక్కర్నేదు" అని కనబడినప్పుడల్లా అంటుంది. ఆ మాట వింటే నాకు ఏదోలా అయిపోతుంది. ఎలాగైనా దీనికో దారి చూపించాలని పంతం పట్టేను. అక్కడే వచ్చింది చిక్కంతా.

అనకాపల్లిలో శెట్టిగారికి పెద్ద ఫ్యాన్సీ కొట్టుంది. ఒక బుట్ట పట్టుకెళ్ళి చూపించేను. అటు తిప్పేరు, ఇటు తిప్పేరు.

"అల్లిక బాగానే ఉందమ్మా. కానీ ఈ తెలుపేటి, జొరమొచ్చిన మొహంలాగ? బజార్లో వైరు బుట్టలు ఎర్రగా పచ్చగా మెరిసిపోతన్నాయి. ఆటి పక్కన దీన్నెవరు కొంటారు? రంగేసి చూపించండి. బుధవారం నాకు మీ పక్కనే గోవాడలో పనుంది, అలాగే మీ ఇంటికొస్తాను. నచ్చితే మీరెన్ని అల్లితే అన్నీ నానే తీసుకుంటాను."

రంగే కదా, అదెంత పని అనుకున్నాను! చీరలకేసే ఎర్ర రంగు పొట్లం తెచ్చి, కాగులో మరగబెట్టి, బుట్టని ముంచేను. ఎంత తెల్లగా దిగిందో అంత తెల్లగా పైకొచ్చింది మహాతల్లి! నా చేతులు మాత్రం మోచేతుల దాకా ఎర్రగా అయిపోయేయి. తలుపులకేసే పెయింటు పూసేను. ఆరేక పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది. కుంకం నూనెలో కలిపి రాసేను. బుట్టకి తప్ప ఇంట్లో అన్నిటికీ అంటుకుంది.

మా వారు పేపరు అడ్డం పెట్టుకుని తాపీగా అన్నారు, "ప్లాస్టిక్కుకి పైనుంచి రంగు పట్టదే. తయారు చేసేటప్పుడే కలపాలి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ?"

"నువ్వడిగేవా?"

ఇదీ వరస! ఇంట్లో మేష్టారుండి ఏం లాభం చెప్పండి!

ఇంతలో పక్కింటావిడ తీర్థానికెళ్ళొచ్చి పంచదార చిలకలు ఇచ్చింది. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఒకటి నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయేను. పంచదారకి రంగు పట్టింది కదా! పంచదార పాకం దేనికైనా అంటుకుంటుంది కదా! అలాంటప్పుడు రంగు కలిపిన పాకం బుట్టకెందుకు అంటుకోదూ? అంత బుర్ర నాకుందని నాకే తెలీదు. చిలకని పక్కన పెట్టి నరసమ్మ కోసం కబురు పెట్టేను.

అది వచ్చి వద్దంటుందేమోనని భయపడ్డాను. వద్దనడమా! నాకంటే ముందు గెంతింది. "అమ్మగోరూ, పాకం పని నాకొగ్గెయ్యండి. మా అయ్య బెల్లం వండినోడు. ఏ పాకం ఎక్కడ దించాలో నాకు తెల్దేటి?"

పంచదార రేషన్‌ది, కాఫీకే చాలదు. బెల్లానికేం లోటు? గానుగలాడే రోజులు, ఊళ్ళో గాలి పీల్చినా తియ్యగానే ఉంటుంది. పెరట్లో పొయ్యి పెట్టి, బెల్లం పాకం పట్టి, అందులో ఎర్ర రంగు కలిపేం. నరసమ్మ నీళ్ళలో చుక్కేసి, వేళ్ళతో నలిపి, "ఇంకో ఉడుకు రానీండి" అంటూ పెద్ద వంటవాడిలా పెత్తనం చేసింది. గోరువెచ్చగా చల్లారేక గుడ్డతో బుట్టలకి పూసి ఎండలో పెట్టేం. సాయంత్రానికి చూద్దుము కదా, దేవుడా! వంగపండు రంగులో తళతళా మెరిసిపోతున్నాయి. గోటితో కొడితే టకటకమంటున్నాయి. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. నరసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనైతే మా వారి పేపరు లాగేసి మరీ చూపించేను.

ఆయన చూసి, "బాగుంది. చీమలెందుకొస్తున్నాయి?" అన్నారు.

"చీమలు ఎక్కడ రావండీ?" అన్నాను. అన్నాను గానీ, నిజంగానే వచ్చేయి. గోడ దిగి, గడప దాటి, చుట్టాలొచ్చినట్టు బారులు తీరి వచ్చేయి. పసుపు గీత గీసేను. దాటొచ్చేయి. ఆఖరికి బుట్టలన్నిటినీ తాడుకి వేలాడదీసి, తాడుకి కిరసనాయిలు రాసేను. అప్పుడు ఊరుకున్నాయి. చీమలు చెప్పిన బుద్ధి కూడా నాకు ఎక్కలేదంటే చూడండి మరి!

బుధవారం తెల్లవారుజామున మంచు తెగ కురిసింది. బుట్టల్ని ముట్టుకుంటే కాస్త జిడ్డుగా తగిలేయి. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఎర్రబడింది. గుడ్డ దాచేసి ఊరుకున్నాను.

శెట్టిగారు వచ్చేరు. తెల్లటి పంచె, ఇస్త్రీ లాల్చీ, చేతిలో తమలపాకుల వెండి పెట్టె. బుట్టని చూడగానే ఆయన మొహం విప్పారింది.

"అబ్బా! మాడుగుల హల్వాలాగ మెరుస్తందమ్మా! ఈ రంగు ఎలా ఏసేరు?"

"అది మా మండలి రహస్యమండీ," అన్నాను దర్జాగా. వెనకాల నరసమ్మ కిసుక్కున నవ్వింది.

ఆయన చెయ్యి తీసి వేళ్ళు చూసుకున్నారు. "కొంచెం అంటుకుంటందేటి?"

"కొత్త రంగు కదండీ, ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది." అబద్ధం ఎంత సునాయాసంగా వచ్చిందో!

"సరే, ఒకటి వాడి చూస్తాను. నిలబడితే మన బేరం ఖాయం," అని వెండి పెట్టె అందులో పడేసి, బుట్టని భుజానికి తగిలించుకుని బయల్దేరేరు. ఆయన్ని అంతటితో పోనిచ్చేనా? బస్సెక్కించి వస్తామని నేనూ నరసమ్మా వెంటపడ్డాం. పెద్దమనిషికి మర్యాద చెయ్యాలి కదా, నా మొహం!

మంచు విడిపోయింది, ఎండ చురుక్కుమంటోంది. బస్టాండు దగ్గర అనకాపల్లి సంతకెళ్ళే బెల్లం బళ్ళు ఆగి ఉన్నాయి. బెల్లం బళ్ళంటే తెలుసు కదా, చుట్టూ తేనెటీగలు. మేం అక్కడ నిలబడి బస్సు కోసం చూస్తుంటే ఒక ఈగ బండి వదిలి శెట్టిగారి మీదకి వచ్చింది. ఆయన చేత్తో తోలేరు. ఇంకోటి వచ్చింది. తర్వాత బండి మీదవన్నీ కూడబలుక్కుని వచ్చినట్టు ఒక్కసారే వచ్చేయి!

"ఇదేటి! ఇదేటమ్మా!" అంటూ ఆయన బుట్టని తీసి పారేయబోయేరు. రాదే! ఎండకి పాకం కరిగి లాల్చీకి అతుక్కుపోయింది. లాగితే ఎర్రగా తీగలు సాగుతోంది. జనం మూగేరు. "కదలకండి బాబూ, కదిల్తే కుడతాయి" అని ఒకడు. "పరిగెత్తండి" అని ఇంకోడు. నేను కొంగుతో విసరబోయి ఆయన మొహం మీదే కొట్టేను. ఆఖరికి ఆయన లాల్చీ తల మీంచి తీసి, బుట్టతో సహా నేలకేసి కొట్టి, పంచె ఎగ్గట్టి పరుగో పరుగు!

ఈగలు లాల్చీని పట్టుకున్నాయి. శెట్టిగారు ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, వెండి పెట్టె బుట్టలోనే ఉందని! వెనక్కొచ్చేసరికి బస్టాండులో తిరిగే ఎర్రావు లాల్చీలోంచి బుట్టని ఊడబెరికేసింది. కమ్మగా నాకుతోంది. ఒక కాడ దాని నోట్లో. శెట్టిగారు రెండో కాడ పట్టుకున్నారు.

ఆయన లాగుతారు, ఆవు లాగుతుంది. పెద్ద వ్యాపారస్తుడు బనీనుతో బస్టాండు నడిబొడ్డున ఆవుతో కుస్తీ! నాకు భూమిలోకి పోవాలనిపించింది. నరసమ్మ నా పక్కన గోడకి చేరబడి ఏడుస్తోంది. "అయిపోనాది అమ్మగోరూ. ఇంక ఆయన మన మొహం సూడ్డు. నా నడుం గతి నాదే." సిగ్గుతో చచ్చిపోయేను.

ఆవుకి విసుగొచ్చి కాడ వదిలేసింది. శెట్టిగారు బుట్టతో, అందులోని వెండి పెట్టెతో సహా వెల్లకిలా పడ్డారు. లేచేరు. నన్ను చూసేరు. ఒళ్ళంతా ఎర్రటి చారలు, కళ్ళు అంతకంటే ఎరుపు. "ఏమ్మా! చదువుకున్న దానివి, బుద్ధుందా నీకు? ఇదా మీ రహస్యం? ఇంక నీ గుమ్మం తొక్కితే..."

ఇంతలో బెల్లం బండి మీంచి ఒకావిడ వంగి అడిగింది, "బాబూ, ఆ బుట్ట ఎక్కడ కొన్నారు? ఆవు లాగినా తెగనేదు!"

శెట్టిగారి తిట్టు నోట్లోనే ఆగిపోయింది. బుట్ట వంక చూసేరు. ఆవు నాకిన మేర రంగంతా పోయి తెల్లగా తేలింది. ఒక్క పోగు ఊడలేదు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు దగ్గరకొచ్చి కాడలు లాగి చూస్తున్నారు.

"ఇదామ్మా? అనకాపల్లిలో మా కొట్లోనే దొరుకుద్ది," అన్నారు ఆయన బనీను సర్దుకుంటూ, గొంతులో తేనె పోసుకుని. "వచ్చే వారం నుంచి!"

తర్వాత నరసమ్మని పక్కకి పిలిచేరు. "కళ్ళు తుడుసుకో. తెల్లవే పంపు. ఎన్నల్లితే అన్నీ పంపు. ఈ అమ్మని మాత్రం ఆటి దరిదాపులకి రానీకు."

నరసమ్మ దణ్ణం పెట్టి, "రానివ్వను బాబూ!" అంది. ఆ ఉత్సాహం చూడండి! నా తరఫున ఒక్క మాట అనలేదు. పాకం దించింది తనే కదా! అయినా దాని మొహంలో ఆ వెలుగు చూసేక కోపం నిలవలేదు. శెట్టిగారు నేను ఇంటికి పరిగెత్తి తెచ్చిన మా వారి పెళ్ళినాటి లాల్చీ తొడుక్కుని బస్సెక్కేరు. దాని గురించి మా ఇంట్లో ఇంకా గొడవ జరుగుతూనే ఉంది.

ఇప్పుడు మండలిలో అందరికీ చేతినిండా పని. సెక్రటరీగారికి ఏం పనిచ్చేరో తెలుసా? అల్లేవాళ్ళకి టీ కాచి ఇవ్వడం. అది కూడా పూర్తిగా నమ్మి ఇచ్చేరా? నేను టీ కాచి దించగానే నరసమ్మ నడుం పట్టుకుని లేచొచ్చి, నన్ను పక్కకి జరిపి, "ఉండండి అమ్మగోరూ, పంచదార నానేస్తాను" అంటుంది!