లూపు పోయాక లూపు ఎమ్లిన్

పోర్త్‌వెన్నోల్‌లో ప్యూ అనే ఇంటిపేరు గలవాళ్లు వీధికి నలుగురు తేలతారు. అందుకే మా ఊళ్లో మనిషిని చేసే పనితోనే పిలుస్తాం. రొట్టెలు కాల్చేవాడు రొట్టెల ప్యూ. బొగ్గు తోలేవాడు బొగ్గు ప్యూ. శవపేటికలు చేసేవాడు ఆఖరి ప్యూ. పట్టాల గ్యాంగు మేస్త్రీ ఎమ్లిన్ ప్యూను మాత్రం లూపు ఎమ్లిన్ అనేవాళ్లం. ఆ పేరు మేం ఊరికే పెట్టలేదు.

కొండ దిగివచ్చి సముద్రం ఒడ్డున ఆగిపోయే మా బ్రాంచి లైనుకు మొదట్లో ఉన్నది ఒకే ఒక్క దారి, దాని కొసన ఇంజన్ను తిప్పే గుండ్రటి బల్ల. పెద్ద ఇంజన్లు వచ్చాక ఆ బల్ల చాలలేదు. దాన్ని పెరికేసి ప్లాట్‌ఫారం పక్కనే లూపు లైను వేశారు. వచ్చిన ఇంజను బోగీల్ని వదిలి, ఆ లూపు మీదుగా పక్కనుంచి వెళ్లి, రెండో కొసకు తగులుకుని తిరుగు ప్రయాణం కట్టేది. నల్లరాతి గుట్టను ఒరుసుకుంటూ ఆ పట్టాను ఒంపు తిప్పి కూర్చోబెట్టిన గ్యాంగులో ఎమ్లిన్‌ది ముందు గునపం. అప్పటికి వాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు. యుద్ధం రోజుల్లో చేపల బళ్లు నిలిపే పక్క పట్టా, అదే చేపల సైడింగు, వేసిందీ వాడే, యుద్ధం అయ్యాక దాన్ని ఊడదీసిందీ వాడే. ఉప్పెన వచ్చి గులకరాళ్ల గట్టు కొట్టుకుపోయినప్పుడు పట్టాలు గాలిలో వేలాడాయి. తెల్లారేసరికి వాటి కింద మళ్లీ నేల చూపించాడు. లైను బాగా చూసుకున్నందుకు ఇచ్చే బోర్డు ఏళ్ల తరబడి మా స్టేషను గోడ దిగలేదు. ఇవన్నీ నేను కళ్లారా చూసినవే, గొప్పకు చెప్పడం లేదు. గొప్పకే అయినా తప్పేముంది?

ఇంకో సంగతి చెప్పాలి. వేరే లైన్లలో మేస్త్రీ ఒక్క కేక వేస్తే గునపాలు లేస్తాయి. మావాళ్లకు కీర్తన పాడితేగానీ లేవవు. మా ప్రార్థన మందిరం చాపెల్లో పాట ఎత్తుకునేదీ ఎమ్లినే, పట్టాల మీద ఎత్తుకునేదీ ఎమ్లినే.

ప్రతి పెంతెకొస్తు పండక్కీ బొగ్గు గనుల లోయనుంచి సండే స్కూలు పిల్లలు, వాళ్ల అమ్మలు, తాతలు స్పెషలు రైల్లో దిగేవాళ్లు. దాన్నే ట్రిప్పు అంటాం. ఎమ్లిన్ భార్య ఓల్వెన్ కూడా ఒక ట్రిప్పులో వచ్చిన పిల్లే. ఇంజను లూపు మీద వెళుతుంటే చూడబోయి, బండిని ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించే పాయింట్ల దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి చూసింది. పెళ్లయ్యాక వాళ్లమ్మ మార్గెడ్ ఏటా అదే రైల్లో వచ్చి కూతుర్ని చూసి, అల్లుణ్ణి నాలుగు మాటలని, అదే రైల్లో వెళ్లేది.

అలాంటి లూపును తీసేస్తామని జిల్లా ఆఫీసునుంచి ఇన్‌స్పెక్టరు ట్రాంటర్ గారు వచ్చి చెప్పారు. మంచి మనిషి, చెప్పలేక చెప్పారు. రెండు కొసలా డ్రైవరు కూర్చునే డీజిలు బండి వచ్చాక దానికి లూపుతో పని లేదు. ట్రిప్పు రైలుకు మాత్రం ఇంజనుంటుంది. ఇక్కడికొస్తే అది బోగీల ముందు ఇరుక్కుపోతుంది. కాబట్టి ట్రిప్పు ఇక పక్క పట్నానికే పోతుందన్నారు.

"లూపు పోతే పోనీ. మా అమ్మ ఎలా వస్తుంది?" అంది ఓల్వెన్ పెనం మీద రొట్టెలు తిప్పుతూ.

"బళ్లు మారి రావచ్చుగా."

"బళ్లు మారడమా! కుర్చీలోంచి మంచం మీదికి మారాలంటేనే ఆవిడకు ఇద్దరు పట్టాలి."

"ఆవిడ రాకపోతే నన్ను తిట్టేదెవరే?" అన్నాడు ఎమ్లిన్. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ పూట చేతిలో రొట్టె సగం అలాగే వదిలేశాడు.

లూపు పెరికిన రోజు ఊరంతా గోడల మీద కూర్చుని చూసింది.

"ఒరే ఎమ్లినూ, ఇక నిన్నేమని పిలవాలిరా? ఖాళీ ఎమ్లిన్ అందామా?" అని అరిచాడు రొట్టెల ప్యూ.

"నీ కొట్లో రొట్టెలు అయిపోయిన పూట నిన్ను రొట్టెల ప్యూ అనడం మానేశామా ఏంటి?"

అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. కానీ వాడి కళ్లు మాత్రం మిగిలిపోయిన బొగ్గు సైడింగు మీదా, దాని పైన కొండవైపు ఎక్కే వాలు మీదా తిరుగుతున్నాయి. సాయంత్రం, పని చూడటానికొచ్చిన ట్రాంటర్ గారికి టీ ఇచ్చి కూర్చోబెట్టాడు.

"అయ్యా, ఇంజను ఖాళీ బోగీల్ని పైకి నెట్టుకుపోతుంది. సైడింగు పాయింట్లు దాటాక వాటికి బ్రేకేసి నిలబెట్టి, ఇంజనొక్కటే కిందికొచ్చి సైడింగులో దూరుతుంది. పాయింట్లు మార్చేస్తాం. గార్డు బ్రేకు వదిలితే బోగీలు వాటంతటవే వాలు మీద ప్లాట్‌ఫారానికి దిగిపోతాయి. ఇంజను వెనకాలే వచ్చి పై కొసకు తగులుకుంటుంది. లూపుతో పనేముంది?"

"నాకూ ఆ ఆలోచన రాకపోలేదు మేస్త్రీ. వాలు చాలదేమోనని అనుమానం. సరే, ఒకసారి చేసి చూద్దాం" అన్నారాయన.

చూశారు. ఊరు మళ్లీ గోడలెక్కింది. గార్డు సెల్విన్ బ్రేకు వదిలాడు. బోగీలు పెళ్లికూతుళ్లలా మెల్లగా కదిలాయి. ఇంకాస్తలో ప్లాట్‌ఫారం అందుకుంటాయనగా సముద్రపు గాలి ఎదురు కొట్టింది. ఆగిపోయాయి.

"తోయండర్రా!" అన్నారెవరో. గోడల మీద వాళ్లంతా దూకి భుజాలు ఆనించారు. ఎమ్లిన్ అలవాటు కొద్దీ కీర్తన ఎత్తుకున్నాడు. అదే కొంపముంచింది. మావాళ్లకు పాట మీద ఊపొచ్చిందంటే ఆఖరి చరణం ఒక్కసారితో వదలరు, మళ్లీ మళ్లీ పాడతారు. పాడినంతసేపూ తోశారు. బోగీలు ప్లాట్‌ఫారం చేరాయి, దాన్ని దాటాయి, ఇంకా పోతున్నాయి.

"సెల్విన్! బ్రేకు! ఒరే సెల్విన్!"

సెల్విన్ చేయి బ్రేకు మీదే ఉంది. కానీ వాడు మా చాపెల్ బృందంలో మంద్రస్థాయి గొంతు. కళ్లు మూసుకుని ఆఖరి చరణంలో ఉన్నాడు. బోగీలు వెళ్లి కొసన ఉన్న అడ్డుదిమ్మను ధనామని గుద్దాయి. పాల క్యానులు దొర్లాయి. ట్రాంటర్ గారి టోపీ ఎగిరి ఇసుకలో పడింది.

ఆయన టోపీ దులుపుకుని వచ్చారు. "రైలును ఆపే బ్రేకు నా దగ్గరుంది గాని, మీ చరణాన్ని ఆపే బ్రేకు లేదు మేస్త్రీ. ఇక తోయడం లేదు, పాడటం లేదు. పెంతెకొస్తుకు ట్రిప్పును ఇక్కడికే పంపిస్తాను, నేనూ వస్తాను. బోగీలు వాటంతటవే దిగి, చక్కగా ఆగితే సరే. లేదంటే జంక్షను నుంచి ఇంకో ఇంజను తెప్పించి లాగించుకుపోతాం. అదే మీ ఊరికి ఆఖరి ట్రిప్పు."

"పైన పట్టాను కాస్త ఎత్తుకోవచ్చా అండీ?"

"జానెడు వరకూ ఎత్తుకో. అంతకు మించితే కొండను ఎత్తావంటారు."

అప్పటినుంచి పండగ దాకా గ్యాంగు పైనే కాపురముంది. పట్టా ఎత్తడం, స్లీపరు చెక్కల కింద కంకర కూరడం, మట్టం పెట్టి చూడటం, మళ్లీ ఎత్తడం. పని చేస్తూ మాత్రం కడుపారా పాడుకున్నారు, అక్కడ గుద్దడానికి ఏమీ లేదు. పోర్త్‌వెన్నోల్ లైను మిగతా లైన్లలా కాగితం మీద గీసింది కాదు, గొంతు మీద లేచింది అని నేను ఇప్పటికీ అంటాను.

ట్రిప్పు వచ్చింది. కిటికీలనిండా పిల్లలే, బకెట్లే. స్టేషను బయట వేడివేడిగా ఉడికించిన ఆలిచిప్పల బుట్టలు, చాపెల్ హాల్లో టీ, ఎండుద్రాక్ష రొట్టెలు. జనం బిలబిలా దిగారు. అత్తగారు ఓల్వెన్‌తో ఉందనుకున్నాడు ఎమ్లిన్. వాడే చెయ్యి పట్టి దింపి ఉంటాడనుకుని ఓల్వెన్ టీ దగ్గరికి పరిగెత్తింది. ఇంజను బోగీల్ని పైకి నెట్టుకుపోయింది.

"ఎవరూ నోరు విప్పకండి!" అన్నాడు ఎమ్లిన్ ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ. "తుమ్మొచ్చినా సముద్రం వైపు తిరిగి తుమ్మండి."

ఊరూ, లోయా, పిల్లలూ నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. ఇంజను సైడింగులో దూరింది. పాయింట్లు మారాయి. పైన బోగీలు కదిలాయి. గాలి అదేపనిగా కొడుతూనే ఉంది. అవి దాన్ని లెక్కచేయకుండా నల్లగుట్ట దగ్గర ఒంగి, చప్పుడు లేకుండా ప్లాట్‌ఫారం పక్కకొచ్చాయి. సెల్విన్ కళ్లు ఇంతింత చేసుకుని బ్రేకు తిప్పాడు. అడ్డుదిమ్మకు ఆమడ దూరంలో ఆగాయనిపించింది మాకు. నిజానికి ఒక బోగీ పట్టేంత జాగా మిగిలింది.

అప్పుడు మూడో బోగీ కిటికీలో ఒక నల్లటోపీ కనిపించింది.

"మేస్త్రీ, బోగీలు ఖాళీ అన్నావు?" అన్నారు ట్రాంటర్ గారు.

ఎమ్లిన్ కిటికీ వైపు చూశాడు. "మా... మా అత్తగారండీ."

మార్గెడ్ కిటికీ దించింది. "ఏమల్లుడూ, నేను దిగానో లేదో ఎవరైనా చూశారా? మోకాళ్లు సర్దుకుందామని కూర్చున్నా, మళ్లీ కొండెక్కించారు! నా టికెట్టు ఈ ఊరికే. కొండకు వేరే డబ్బులిమ్మంటే ఇచ్చేది లేదు."

"ఎలా ఉందమ్మా ప్రయాణం? కుదుపు ఏమైనా?" అన్నారు ట్రాంటర్ గారు. నవ్వు ఆపుకోలేక ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కుదుపా? ఒళ్లో టీ కప్పు పెట్టుకున్నా తొణకదు బాబూ. వచ్చేటప్పుడు ఇంజను ఎముకలన్నీ కుళ్లబొడిచింది. ఏమల్లుడూ, మొదటే ఇలా దింపొచ్చుగా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నోట వాడి పనికి దక్కిన మెప్పు అదే. ఎమ్లిన్ టోపీ తీసి చేత్తో నలిపేస్తున్నాడు.

"మేస్త్రీ," అన్నారు ట్రాంటర్ గారు గొంతు సవరించుకుని. "వచ్చే ఏడు ముందు ప్రతి బోగీలోనూ తొంగి చూడు. ఆ తర్వాతే బ్రేకు వదలమను."

"వచ్చే ఏడా అండీ?"

"ఆ పై ఏడు కూడా చూడాలి మరి."

ప్లాట్‌ఫారం మీద పిల్లలు గొంతులు వదిలేశారు. పెద్దవాళ్లు కూడా. ఆ గోలలోంచే ఓల్వెన్ టీ కెటిలుతో సహా పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మీ మాటలయ్యాయా? చెయ్యివ్వండి ఎవరైనా. చిప్పలు చల్లారిపోతాయి" అంది మార్గెడ్.

ఒక చెయ్యి ఎమ్లిన్ పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి ట్రాంటర్ గారు పట్టుకున్నారు.