నల్లగుట్ట నత్తరాయి

కోస్గి దగ్గరి నల్లగుట్ట మీద హనుమమ్మ ముప్పై ఏళ్లు గొర్రెలు మేపింది. గుట్ట అడుగున నల్లరాతి పొరల నడుమ జానెడు మందాన ఒక తెల్లటి పొర ఉంది. వానలు పడ్డప్పుడల్లా అందులోంచి రాతి నత్తలు రాలేవి. మంద నీడకు చేరినప్పుడు వాటిని ఏరి, కొంగుతో తుడిచి చూడటం ఆమెకు అలవాటు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు హైదరాబాద్ నుంచి అమరేందర్ అనే పరిశోధకుడు వచ్చాడు. చోటు చూపింది హనుమమ్మే. అవి సముద్రపు నత్తలనీ, కోట్ల ఏళ్ల కింద సముద్రపు పాయ ఇక్కడిదాకా వచ్చి ఉంటుందనీ ఆయన చెప్పాడు. రెండు చలికాలాలు ఆయన కొలుస్తుంటే ఆమె ఏరి ఇచ్చింది.

ఒకరోజు ఆయన నత్తలను రెండు కుప్పలుగా పెట్టాడు. ఒక కుప్పలోని గుల్లలకు నాలుగే చుట్లు, మూతి అంచు పలుచన. రెండో కుప్పవాటికి ఆరు చుట్లు, అంచు మందంగా బయటికి మడిచినట్టుంది.

"ఇవి రెండు వేరు జాతులమ్మా," అన్నాడు.

హనుమమ్మ పెద్ద గుల్లను అందుకుని మొన వైపు చూపించింది. "కాదు సారూ. పైన గీ నాలుగు చుట్లు జూడు, గా చిన్నదాని లెక్కనే ఉన్నయ్. ఇది తల్లి, అది పిల్ల. ముదిరినంక పెదిమె దొడ్డయింది. గొర్రెకు పండ్లు జూసి ఈడు చెప్తం గద, గట్లనే."

అమరేందర్ రెండు గుల్లలనూ పక్కపక్కన పెట్టి చుట్లు లెక్కపెట్టాడు. తర్వాత రెండు కుప్పలనూ కలిపేశాడు.

మూడేళ్లకు ఆయన వ్యాసం అచ్చయింది. హనుమమ్మ కూతురు శ్రీవాణి అప్పటికి మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోంది. ఫోన్‌లో దాన్ని తెరిచి తల్లికి చదివి వినిపించింది. పలుచని అంచు పిల్ల గుల్లలదనీ, రెండూ ఒకే జాతి అనీ గుర్తించడమే ఆ వ్యాసంలో కొత్త సంగతి. నత్తకు ఆయన తన గురువు పేరు పెట్టాడు.

"నా పేరేడున్నది బిడ్డా?"

శ్రీవాణి చివరిదాకా వెతికింది. "లేదమ్మా. జీపు డ్రైవర్‌ది ఉన్నది."

"పోనీయ్," అంది హనుమమ్మ. ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి ఎండాకాలం గుట్ట చుట్టూ కంచె పడింది. మందతో వచ్చిన ఆమెను కాపలాకు పెట్టిన ఇస్రాయేలు ఆపాడు. పక్క ఊరివాడు, ఎరిగినవాడే.

"నన్ను తిట్టకక్కా. గొర్రెల్ని రానియ్యొద్దని చెప్పిండ్రు."

ఆమె అమరేందర్‌కు ఫోన్ చేయించింది. "గొర్రెల కాళ్ల కింద నత్తలు నలిగిపోతున్నాయని ప్రభుత్వానికి నేనే రాశానమ్మా. ముందు మీకు చెప్పాల్సింది."

"మా గొర్లు గిప్పుడే పుట్టినయా సారూ?" అని ఫోన్ కూతురి చేతికిచ్చేసింది.

చుట్టూ పత్తి చేలే. మేపే జాగా లేక ఏడాది తిరక్కుండానే మంద అమ్ముడుపోయింది. హనుమమ్మ షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. పొద్దంతా సిమెంటు నేల మీద వంగి ఉండటంతో నడుము పట్టేసేది.

నిరుడు అమరేందర్ ఆమె ఉండే గదిని వెతుక్కుంటూ వచ్చాడు. జుట్టు నెరిసింది. గడపలోనే నిలబడి అడిగాడు. "అలాంటి తెల్లపొర ఇంకెక్కడైనా చూశారా అమ్మా? ఈసారి మీ పేరు తప్పకుండా రాస్తాను."

చూసింది. తమ్ముడి బాయి తవ్వినప్పుడు రెండు నిలువుల లోతున అదే పొర, నిండా నత్తలు. వాటిలో కొన్ని ఎడమవైపు తిరిగినవి. అట్లాంటివి నల్లగుట్టలో ఒక్కటీ లేదు. ఆ మాట విని ఆయన ముఖం ఎలా వెలుగుతుందో ఆమెకు తెలుసు. చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"లేదు సారూ. నేనేడ జూడలే," అంది.

ఆయన తలూపి వెళ్లిపోయాడు. హనుమమ్మ డ్యూటీకి తయారైంది. ఆయన మీద పగ తీర్చుకున్నట్టు మాత్రం ఆమెకు అనిపించలేదు. ఆ ఎడమ చుట్టు నత్తల గురించి చెప్పుకోవడానికి ఇక మనిషే లేడనిపించింది.