రోలు పక్కన గోడ

మా వంటింటి గోడ మీది మరక కోసం నేను ఆరేళ్లు తిట్లు తిన్నాను. అది నేను చేసిన మరక కాదు. ఎవరు చేసిందో నాకు తెలుసు, అమ్మకు తెలుసు. బయట పెట్టకూడదని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. అందుకని ప్రతి ఏడూ ఉగాది ముందు నాయన గడప బయట నిలబడి సున్నం కొట్టిస్తూ, నూనె తలతో గోడకు ఆనుకోవద్దంటే వినవు గదా అని నన్ను కోప్పడేవాడు. నేను మూతి ముడుచుకుని నిలబడేదాన్ని. మా ఇంట్లో అది కూడా పండగ పనుల్లో ఒకటయిపోయింది.

ఆ ఇల్లు జమ్మలమడుగులో కట్టుకున్నాం. ఆంధ్రరాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. నాయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. ఇంటి ప్లాను తనే గీశాడు. గళ్ల కాగితం మీద రెండు నెలలు గీసి, చెరిపి, మళ్లీ గీశాడు. బావి నుంచి వంటింటికి ఎన్ని అడుగులవుతుందో కూడా లెక్కేసి, అమ్మకు నడక తగ్గాలని తలుపు ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చాడు. అంత అక్కర ఉన్న మనిషే. కానీ పెళ్లయి పన్నెండేళ్లయినా వంటింటి గడప దాటి లోపలికి వెళ్లి ఎరగడు. నడవలో పీట వేస్తే కూర్చుని తినడం, చెయ్యి కడుక్కుని బడికి పోవడం, అంతే. కాగితం మీద తప్ప వంటిల్లు చూడని మనిషి వంటింటికి కొలతలు ఇచ్చాడన్నమాట.

ఇల్లు కడుతున్నంత కాలం ఇంటిపని రెండింతలయింది. నాపరాళ్లు బండ్ల మీద వచ్చేవి. దూలాలు, వాకిలి చట్రాలు ప్రొద్దుటూరు నుంచి వచ్చాయి. అమ్మ తెల్లారక ముందే పనివాళ్లకు సంగటి కెలికి, పొద్దెక్కాక వాళ్లతోపాటు గంప నెత్తినెత్తుకునేది. మిద్దె మీద పోసే చౌడు మన్ను సగం మా అమ్మా నేనూ మోసిందే. మా జేజి, అంటే నాయన తల్లి, చెట్టు నీడలో కూర్చుని అందరికీ సలహాలు చెప్పేది. ఆ సలహాలు మోయడం మన్ను మోయడం కన్నా కష్టం.

ఇక అసలు సంగతి. అమ్మది ఎడమచేతి వాటం. పులివెందులలో పుట్టింట ఉన్నప్పుడు, అన్నం తినేటప్పుడు ఆమె ఎడమ చేతికి గుడ్డ చుట్టి కట్టేవాళ్లట. పెళ్లి చేసి పంపేటప్పుడు, అత్తగారింట్లో పదిమంది ముందు ఏదైనా కుడిచేత్తోనే చెయ్యమని తల్లి మరీ మరీ చెప్పి పంపింది. అమ్మ అలాగే వడ్డించేది, దీపం పెట్టేది, కుడిచేత్తోనే ఇచ్చి పుచ్చుకునేది. బరువైన పని మాత్రం ఆ చేతికి లొంగేది కాదు. రోలు దగ్గర ఎవరూ లేరనుకుంటే పొత్రం ఎడమ చేతిలోకి వెళ్లేది. పిండి అప్పుడే మెత్తగా నలిగేది. మేము బాడుగకున్న పాత ఇంట్లో రోలు పెరట్లో ఆరుబయట ఉండేది కాబట్టి ఏ ఇబ్బందీ లేకపోయింది.

కొత్త ఇంట్లో రోలును వంటింటి నేలలో పాతించాలని నాయన ప్లాను. ఒక పక్క గోడ, ఎదురుగా నీళ్ల తొట్టి. కూర్చోవడానికి ఒక్క వైపే చోటు. అలా కూర్చుంటే గోడ ఎడమ భుజం పక్కకు వస్తుంది. మేస్త్రి ప్రొద్దుటూరు సాయిబు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఇంటి ఇల్లాలు కూర్చుని పొత్రం తిప్పి చూసి బాగుందంటే తప్ప రోలు చుట్టూ గచ్చు పోసేవాడు కాదు.

ఆ రోజు జేజి రోలుకు పసుపు కుంకుమ పెట్టింది. మేస్త్రి, ఇద్దరు కూలీలు, నాయన, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు. "అమ్మా, ఒకతూరి కూచోని తిప్పి చూడు. నీకు సరిపోతేనే గచ్చు పోస్తా" అన్నాడు మేస్త్రి. అమ్మ కొంగు బిగించి కూర్చుంది. ఎడమ చెయ్యి కొంచెం ముందుకు వచ్చి, కుచ్చెళ్ల మాటుకు వెనక్కి పోవడం నేను చూశాను. కుడిచేత్తో పొత్రం పట్టుకుని మూడు చుట్లు తిప్పింది.

"సరిపోయిందా?" అని నాయన అడిగాడు. సరిపోయిందని అమ్మ తలూపింది. నాయన ముఖంలో లెక్క సరిగ్గా తేలినప్పటి సంతోషం. సాయంత్రానికి గచ్చు పోసేశారు.

మరుసటి వారం నుంచే అమ్మ మోచెయ్యి గోడకు కొట్టుకోవడం మొదలయింది. కుడిచేత్తో రుబ్బితే పిండి బరకగా వచ్చేది, జేజి నాలుకకు తెలిసిపోయేది. ఎడమ చేత్తో రుబ్బాలంటే మోచేతిని డొక్కకు అదిమిపెట్టి, పొత్రాన్ని చిన్న చిన్న చుట్లు తిప్పాలి. ఒక పూట పని రెండు పూటలయ్యేది. కాస్త ఆదమరిస్తే చర్మం గీరుకుపోయేది. నాయనకు చెబుదామని నేనన్నాను. అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"అందరి ముందర కూచోని సరిపోయిందని చెప్పినా. పసుపు పెట్టిన రోలు ఇప్పుడు పెరికించమంటే మీ జేజి ఏమనుకుంటాది? నువ్వు నోరు మెదపొద్దు."

నేను మెదపలేదు. అమ్మ మోచెయ్యి నల్లబడి కాయకట్టింది, దానికి రోజూ ఆముదం రాసుకునేది. గోడ మీద అరచేయంత మేర సున్నం లేచిపోయి నూనె జిడ్డు పట్టింది. ఆ మరక నాయన కంటబడ్డప్పుడల్లా తిట్లు నాకు. నన్ను తిడుతుంటే అమ్మ పొయ్యి వైపు తిరిగి నిలబడేది. అప్పట్లో నాకు అమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చేది. తన సిగ్గు దాచుకోవడానికి నన్ను అడ్డం పెట్టుకుందనుకునేదాన్ని. అది నిజమే కూడా. కానీ తిట్లు పడ్డ రాత్రి నా తల దువ్వేటప్పుడు ఆమె చేతులు మామూలుకన్నా మెత్తగా ఉండేవి.

ఇలా ఆరేళ్లు గడిచాయి. ఈలోగా ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆరో ఏడు ఎండాకాలం మా పిన్ని కాన్పుకని అమ్మ నెల రోజులు పులివెందులకు పోయింది. వంట నా మీద పడింది. రెండు వారాలు బాగానే గడిచింది. తర్వాత మూడు రోజులు నేను బయట ఉండాల్సి వచ్చింది. వెనక పంచలో, వంటింటి తలుపుకు ఎదురుగా, చాప, చెంబు పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజుల్లో అంతే, వంటింట్లో దేన్నీ తాకకూడదు. జేజి నిలబడి సంగటి కెలకగలదు గానీ, మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేదు. చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, లేకుండా సంగటి ఆమె గొంతు దిగదు. మొదటి రోజు పక్కింటివాళ్లు గిన్నెడు ఇచ్చారు. రెండో రోజు అడగడానికి జేజికి మొహం చెల్లలేదు.

అప్పుడు నాయన పంచె ఎగ్గట్టి వంటింటి గడప దాటాడు. రోలు ముందు కూర్చుని, వేయించిన చెనిక్కాయలు ఒక్కసారిగా గుమ్మరించి, కుడిచేత్తో పొత్రం గిరగిరా తిప్పాడు. సగం కాయలు తొట్టిలో పడ్డాయి. కొంచెం కొంచెం వేసి నీళ్లు చిలకరించమని నేను బయట నుంచి చెబుతుంటే బుద్ధిగా విన్నాడు. బళ్లో పిల్లలు చూస్తే ఎంత బాగుండునో అనుకుని నాలో నేను నవ్వుకున్నాను.

ఉన్నట్టుండి పొత్రం ఆగింది. నాయన పక్కనున్న గోడను చూస్తున్నాడు. జానలు పెట్టి మరక ఎత్తు కొలిచాడు. కూర్చున్న మనిషి తల దానికన్నా చాలా పైన ఉంటుంది. నిలబడ్డ మనిషికి అది మోకాలి కన్నా కాస్త ఎత్తు. లెక్క కుదరలేదు. కాసేపు ఆలోచించి పొత్రాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని ఒక్క చుట్టు తిప్పాడు. మోచెయ్యి పోయి సరిగ్గా ఆ మరక మీద తగిలింది.

"మీ అమ్మది ఎడం చెయ్యా?" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

మాట ఇచ్చాను గదా, నేను పలకలేదు. ఆ పలకకపోవడమే జవాబయింది. నాయన పొత్రాన్ని రోట్లో దించాడు. "ఆరేండ్లు నిన్ను తిడితినే" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. తిట్టినప్పుడు ఒక్కనాడూ ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను.

రోలు తీయించి వేరేచోట పాతిస్తానని నాయన జేజికి చెప్పినప్పుడు పెద్ద గొడవ అవుతుందని భయపడ్డాను. జేజి సంగటి ముద్ద చేస్తూ, తల కూడా ఎత్తలేదు.

"ఆయమ్మిది ఎడం చెయ్యని పెండ్లయిన వారానికే నాకు తెలుసు. తాను దాచుకుంటాంటే నేను బయటపెట్టేదేంది? కష్టమయితే తానే అడుగుతాదిలే అని ఊరకుంటి."

ఒకరికి ఒకరం మర్యాద ఇచ్చుకుంటూ అందరం కలిసి అమ్మ మోచేతిని గోడకు రుద్దామని నాకు ఆరోజు అనిపించింది. ఇప్పటికీ ఆ మాట మార్చుకోలేదు.

నాయన కార్డు రాస్తే మేస్త్రి ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చాడు. సంగతి విని, వంగి రోలుకూ గోడకూ నడుమ చెయ్యి పెట్టి చూశాడు. "ఆ పొద్దు నేను ఆయమ్మ చెయ్యి చూస్తి గానీ మొహం చూడకపోతి అయ్యవారూ" అన్నాడు. గచ్చు పగలగొట్టి, గోడకు రెండు మూరల దూరంలో రోలు దించారు. జేజి మళ్లీ పసుపు పెట్టింది. ఇల్లాలు ఊళ్లో లేకపోయినా, తన పద్ధతి ప్రకారం ఎవరైనా కూర్చుని చూడాలన్నాడు మేస్త్రి. నాయన కూర్చుని, ఎడమ చేత్తో, చెయ్యి బారుగా చాపి మూడు చుట్లు తిప్పాడు. సరిపోయిందన్నాడు. అయినా ఇంకోసారి తిప్పి చూశాడు.

నెలాఖరుకు అమ్మ వచ్చింది. వంటింట్లోకి పోయి, పాత చోట పరిచిన కొత్త బండను, కొత్త చోట ఉన్న రోలును చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మేమూ చెప్పలేదు. మర్నాడు పొద్దున అలసందలు నానబెట్టి, మధ్యాహ్నం వడల పిండి రుబ్బడానికి కూర్చుంది. ఎండాకాలం సెలవులు కాబట్టి నాయన ఇంట్లోనే ఉన్నాడు, గడపలో వచ్చి నిలబడ్డాడు. జేజి నడవలో ఉంది. అమ్మ ఒకసారి ఇద్దరినీ చూసి, పొత్రాన్ని ఎడమ చేత్తోనే పట్టుకుంది.

కానీ మోచెయ్యి డొక్కను వదల్లేదు. గోడ ఎక్కడో దూరంగా ఉంది. అయినా అదే అదుముడు, అవే చిన్న చిన్న చుట్లు.

"చెయ్యి సాపుకో. ఇంగ ఈడ గోడ లేదు" అన్నాడు నాయన మెల్లగా.

"అలవాటయిపోయింది లెండి" అంది అమ్మ. చాపాలని చూసింది. రెండు చుట్లు తిరిగేసరికి మోచెయ్యి మళ్లీ దగ్గరికి వచ్చేసింది.

ఆ చెయ్యి పూర్తిగా బయటికి రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదంతా నాయన బడికి పోయే ముందు వంటింటి గడప దగ్గరికి వచ్చి, అమ్మ చెయ్యి ఎంత దూరం పోతోందో చూసి వెళ్లిపోయేవాడు.